పోలియో పోయింది, మేము మిగిలాము

ఉప్పల్ చౌరస్తా మీది ఆకాశవంతెన 2023 జూన్‌లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. నాలుగు దిక్కుల రోడ్లనూ మెట్రో స్టేషనునూ కలుపుతూ, వాహనాల రద్దీకి పైన, దాదాపు 660 మీటర్ల పొడవున కట్టిన నడకదారి అది. ఎక్కడానికి లిఫ్టులున్నాయి. మాబోటివాళ్ళకు అది చిన్న విషయం కాదు. ఒకరోజు సాయంత్రం దానిని పూర్తిగా ఒక చుట్టు చుట్టి రావాలని సరదా పుట్టింది. సగం దారిలో కమ్మీ పట్టుకొని నిలబడిపోయాను. నా ఎడమకాలు పోలియో వచ్చిన కాలు. ఆ రోజున నన్ను ఆపింది అది కాదు. నలభై ఎనిమిదేళ్ళుగా 'మంచికాలు' అని పిలుచుకుంటూ వచ్చిన కుడికాలు.

అంతకు పదేళ్ళ ముందు నాచారంనుంచి హబ్సిగూడ దాకా, ఎక్కడా ఆగకుండా కాకపోయినా, నడిచి వెళ్ళిన మనిషిని. చూపించుకున్నచోటల్లా "వయసు మీద పడుతోంది కదా" అన్నారు. నా ఈడువాళ్ళు పొద్దున్నే పరుగులు తీస్తున్నారు. మంచికాలు ఎందుకు అలిసిపోయిందో తెలుసుకోబోయి, నాకు తెలియకుండానే ఒక చరిత్రలోకి వెళ్ళాను. ఆ చరిత్రలో జబ్బు గురించి చాలా ఉంది. టీకా గురించి ఇంకా చాలా ఉంది. జబ్బు వదిలి వెళ్ళిన మనుషులు ఆ తరువాత ఎలా బ్రతికారన్నది మాత్రం ఎక్కడో అడుగున, ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఆ వాక్యాలను కాస్త సాగదీసి వ్రాయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1975 వర్షాకాలం

నాకు పధ్నాలుగు నెలల వయసులో, 1975 వానాకాలంలో, జ్వరం వచ్చింది. మేమప్పుడు నాచారంలో ఒక కార్ఖానా వెనుక గల్లీలో ఉండేవాళ్ళం. మా నాన్న ఆ కార్ఖానాలోనే పనిచేసేవారు. నీళ్ళు వీధి నల్లావి. కాలువ ఆ నల్లా పక్కనుంచే పారేది. రెండురోజులు జ్వరం తగ్గకపోతే, సూదిమందు వేస్తే గాని తగ్గదని ఇరుగుపొరుగువారు చెప్పారు. అమ్మ నన్ను చంకనేసుకొని దగ్గరలోని ఒక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళింది. ఎడమ తుంటికి సూది వేశారు. జ్వరం తగ్గింది. మూడోనాడు పొద్దున నన్ను నిలబెట్టబోతే ఎడమకాలు తడిగుడ్డలా వేలాడిందట.

ఆ కథను మా అమ్మ జీవితాంతం ఒకే మాటతో ముగించేది: "గా సూది ఏపియ్యకుంటే నా కొడుకు కాలు మంచిగనే ఉండు." ఆ మాటలో సూదిమీద కోపం సగమైతే, సూది వేయించిన తనమీద కోపం తక్కిన సగం. నేను కాస్త చదువుకున్నాక, "సూదివల్ల పోలియో రాదమ్మా, అది వైరసు వల్ల వస్తుంది" అని పెద్దరికంగా చెప్పేవాణ్ణి. ఆవిడ నమ్మేది కాదు. చదువురాని మనిషి అనుకున్నాను. ఎవరి మాట నిజమన్నది తరువాత చెబుతాను.

పోలియో వైరసు నోటిద్వారా లోపలికి పోతుంది. పేగుల్లో పెరుగుతుంది. మలంలో బయటికి వచ్చి, కలుషితమైన నీటిద్వారా, చేతులద్వారా మరో నోటికి చేరుతుంది. అది సోకినవారిలో అత్యధికులకు ఏమీ కాదు. కొందరికి మామూలు జ్వరం వచ్చి పోతుంది. సుమారు 200 మందికి సోకితే ఒకరికి మాత్రం అది వెన్నుపాములోకి దూరి, కండరాలను ఆడించే నాడీకణాలను చంపుతుంది. ఈ లెక్క చదివిననాడు నాకు వింతగా తోచింది. మా బస్తీలో కాలు పడిపోయింది నాకొక్కడికే. అంటే నా చుట్టుపక్కల రెండువందల మంది దాకా పసివాళ్ళ పేగుల్లో అదే వైరసు వచ్చి, చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయి ఉండాలి. నాతో గోలీలాడినవాళ్ళలో ఎందరో తమకూ పోలియో సోకిందని తెలియకుండానే ముసలివారవుతున్నారు.

ఇరవై ఏళ్ళ ఆలస్యం

పోలియోకు కారణం వైరసేనని 1908లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్, ఎర్విన్ పాపర్ చూపించారు. అమెరికాలో 1952లో ఒక్క ఏడాదిలోనే 58 వేల మంది దాకా ఈ జబ్బున పడ్డారు. ఆ భయంలోంచే జోనాస్ సాల్క్ టీకా పుట్టింది. అది పనిచేస్తుందని 1955 ఏప్రిల్ 12న ప్రకటించారు. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే ఆల్బర్ట్ సేబిన్ తయారుచేసిన చుక్కల మందు వచ్చింది. నా కాలు పడిపోయిన నాటికి టీకా పుట్టి సరిగ్గా ఇరవై ఏళ్ళు.

మనదేశంలో అందరు పిల్లలకూ టీకాలు వేసే కార్యక్రమం 1978లో మొదలైంది. పోలియో చుక్కలు అందులో చేరింది 1979లో. ఎందుకింత ఆలస్యమంటే, డబ్బూ యంత్రాంగమూ లేకపోవడం ఒక కారణం. రెండో కారణం ఇంకా విచిత్రమైనది. పోలియో ధనికదేశాల జబ్బు అని వైద్యశాస్త్రం చాలాకాలం నమ్మింది. పారిశుద్ధ్యం లేని దేశాల్లో పిల్లలకు మరీ పసితనంలోనే, తల్లినుంచి వచ్చిన రక్షణ ఇంకా ఉండగానే వైరసు సోకుతుందనీ, అందువల్ల పక్షవాతం అరుదనీ సిద్ధాంతం. పెద్ద ఎత్తున మహమ్మారి రావడం లేదు కాబట్టి జబ్బే లేదన్నారు.

ఆ సిద్ధాంతాన్ని పడగొట్టినది ప్రయోగశాల కాదు, బడి. ఆఫ్రికాలో ఘనా దేశంలో 1970లలో బడిపిల్లలను నడిపించి చూసి, కుంటుతున్నవారిని లెక్కపెట్టారు. జబ్బు ఉందా లేదా అన్నది ఆసుపత్రి రిజిస్టర్లలో వెతక్కుండా, అది వదిలి వెళ్ళిన నడకలో వెతికారు. మనదేశంలోనూ 1981-82లో అటువంటి కుంటితనపు సర్వేలు జరిగాయి. పోలియో ఇక్కడ ఏటా లక్షల్లో ఉందని అప్పుడు తేలింది. తరువాతి అంచనాల ప్రకారం, టీకాలు విస్తరించకముందు భారతదేశంలో ఏడాదికి సుమారు 2 లక్షల మంది పిల్లలు పోలియోతో పక్షవాతం పాలయ్యారు. ఈ దేశంలో పోలియో ఎంత ఉందో లోకానికి చెప్పింది మా నడకే. దురదృష్టమేమంటే, మా నడకను చూసినవారు దానిని సాక్ష్యంగానే వాడుకొన్నారు. ఆ నడక ముందుముందు ఎలా మారుతుందో చూడడానికి మళ్ళీ రాలేదు.

అమ్మ చెప్పిన సగం నిజం

ఇప్పుడు సూది సంగతి. 1950లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ వైద్యుడు మెక్లాస్కీ, బ్రిటన్‌లో బ్రాడ్‌ఫర్డ్ హిల్, నోల్డెన్ వేర్వేరుగా ఒక విషయం గమనించి ప్రకటించారు. కంఠసర్పి, కోరింతదగ్గు టీకాల సూదులు వేయించుకొన్న పిల్లలకు, ఆ రోజుల్లోనే పోలియో కూడా సోకి ఉంటే, సూది గుచ్చిన కాలికో చేతికో పక్షవాతం వచ్చే అవకాశం ఎక్కువగా ఉంది. సూదిలో వైరసు లేదు. వైరసు అప్పటికే ఒంట్లో ఉంది. కానీ సూది గుచ్చినచోట కండరానికి తగిలిన దెబ్బ, వైరసు నరంవెంట పాకి వెన్నుపాముకు చేరడానికి తోడ్పడుతోంది. 1998లో న్యూయార్క్ రాష్ట్రంలో గ్రోమయర్, విమ్మర్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలలో ఇది ఎలా జరుగుతుందో చూపించారు.

మనదేశంలోనే పిల్లలను పరిశీలించి వయట్, మహదేవన్, శ్రీనివాసన్ అనే వైద్యులు 1992లో ఒక పత్రం ప్రచురించారు. జ్వరంతో వచ్చిన పసివాళ్ళకు అవసరం లేకుండా వేసే సూదిమందులకూ పక్షవాతానికీ ఉన్న లంకె అందులోని విషయం. అది చదివిన రాత్రి నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. మా అమ్మ మాట సగం నిజం. సూది నాకు పోలియో తేలేదు. కానీ తెచ్చుకొన్న పోలియోకు కాలిదారి చూపించి ఉండవచ్చు. నా ఒక్కడి విషయంలో అదే జరిగిందని ఎవరూ రుజువు చేయలేరు, కాదని కూడా చెప్పలేరు.

అయితే ఆ సగం నిజంలోంచి తన తప్పిదమనే భాగాన్ని తీసివేయాలి. జ్వరమొస్తే సూది వేయించడం ఆనాటి తల్లుల అజ్ఞానం కాదు. సూది వేయని డాక్టరు డాక్టరే కాదన్నది పట్నంలోనూ పల్లెలోనూ అందరి నమ్మకం. 1950లోనే వైద్యపత్రికల్లో అచ్చయిన హెచ్చరిక 1975 నాటికి నాచారం గల్లీకి చేరకపోతే, ఆ నేరం చంకనబిడ్డతో పరుగెత్తినామెది కాదు. ఈ మాట ఆవిడకు చెప్పే అవకాశం నాకు లేకపోయింది. 2009లోనే ఆవిడ కాలం చేసింది. ఇటువంటి తల్లులు ఇంకా బ్రతికి ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. వారిళ్ళలోనైనా ఎవరైనా ఈ మాట చెబితే బాగుంటుంది.

తొడమీద చెయ్యి

పోలియో పిల్లవాడి నడకలో ఒక ప్రత్యేకత ఉంది. తొడముందుభాగపు కండరం చచ్చుబడితే మోకాలు నిలవదు, ముడుచుకుపోతుంది. అందుకని అడుగు వేసినప్పుడల్లా చేత్తో తొడను వెనక్కి నొక్కిపట్టి నడుస్తారు. నేను అలాగే నడిచాను. చూసేవాళ్ళకు వంగివంగి దండం పెడుతున్నట్టు కనిపించేది. తరువాత ఇనుపకడ్డీలు, తోలుపట్టీలు, బరువైన బూటు ఉన్న కాలిపరు వచ్చింది. ఎండాకాలం ఆ తోలుకింద చర్మం ఒరుసుకుపోయేది. ఏటికేడు కాలు పెరుగుతుంటే కాలిపరు పొట్టిదయ్యేది. కొత్తది చేయించేలోగా మళ్ళీ చెయ్యే కాలిపరు.

బడిలో పేరు వేరే ఉండేది. మన భాషలో అవిటివారిమీద సామెతలకు కొదవ లేదు, పేరుముందు తగిలించే విశేషణాలకూ కొదవ లేదు. ప్రభుత్వ కాగితాల్లో వికలాంగులమయ్యాము, 2016 ప్రాంతాలనుంచి దివ్యాంగులమయ్యాము. పిలుపు మారినంత వేగంగా బడిమెట్లు మారలేదు.

బ్రతుకుతెరువుల చరిత్ర కూడా ఒకటుంది. ఎస్టీడీ బూతులు వెలిసిన రోజుల్లో, వాటి కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఇచ్చేవారు. ఉప్పల్‌లోనూ తార్నాకలోనూ 1990లలో పసుపురంగు బోర్డుకింద కూర్చొని మీటరు చూసి చిల్లర ఇచ్చినవారిలో మావాళ్ళు ఎందరో. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ బూతులు జిరాక్సు దుకాణాలయ్యాయి, కొన్ని మూతపడ్డాయి. ఒక తరం పోలియో మనుషుల ఉపాధి ఒక యంత్రంతో వచ్చి మరొక యంత్రంతో పోయింది. 1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం రిజర్వేషను ఇచ్చింది. నాకు దొరికిన గుమాస్తా ఉద్యోగం ఆ చట్టం చలవే. 2016 చట్టం దానిని 4 శాతం చేసింది, గుర్తించే వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది.

ముడుచుకుపోయిన కాళ్ళను శస్త్రచికిత్సతో సాగదీసి, పాకేవారిని నిలబెట్టిన వైద్యులూ మనకున్నారు. విశాఖపట్నానికి చెందిన డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు గారు ఊరూరా శిబిరాలు పెట్టి పోలియో పిల్లలకు వేలకొలది శస్త్రచికిత్సలు చేశారు. 2022లో వారికి పద్మశ్రీ వచ్చింది. నేలమీద పాకే మనిషికీ కర్రపట్టుకొని నిలబడే మనిషికీ మధ్య ఉన్న దూరం ఎంతో, దానిని దాటినవాడికే తెలుసు.

విజయం

1988లో ప్రపంచ ఆరోగ్యసభ పోలియోను భూమిమీద లేకుండా చేయాలని తీర్మానించింది. మనదేశంలో పల్స్ పోలియో 1995 డిసెంబరు 9న మొదలైంది. నేను మా బస్తీ బూతులో కొన్నేళ్ళపాటు స్వచ్ఛందంగా కూర్చున్నాను. చుక్కలు వేయించడానికి జంకే తల్లులకు మాటలతో పనిలేకుండా నా కాలే సమాధానం చెప్పేది. చిటికెనవేలికి సిరా గుర్తు పెట్టేటప్పుడు పిల్లలు చేయి లాక్కునేవారు.

దేశంలో సహజ వైరసువల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశాన్ని పోలియోరహితంగా ధ్రువీకరించారు. ప్రపంచంలో ఇంతటి ప్రజారోగ్య విజయాలు ఎక్కువ లేవు. ఆ రోజు పత్రికల మొదటిపేజీలు చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ వ్యాసంలో తక్కిన మాటలేవీ ఆ విజయాన్ని తక్కువ చేయడానికి కావు.

ఆ విజయం తరువాత కూడా వైరసు ఒకసారి మా దిక్కుకు వచ్చి పలకరించింది. 2016లో అంబర్‌పేటలో తీసిన మురుగునీటి నమూనాలో రెండవ రకం పోలియో వైరసు కనిపించింది. అది సహజ వైరసు కాదు, చుక్కల మందులోని బలహీన వైరసునుంచి మార్పుచెంది పుట్టినది. ఏ బిడ్డకూ జబ్బు రాలేదు. అయినా జూన్ 20 నుంచి వారంరోజులు హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పసివాళ్ళకు చర్మంలోకి అయిదోవంతు మోతాదు టీకా వేశారు. ఉప్పల్ అప్పటికింకా రంగారెడ్డి జిల్లాలోనే ఉంది. పోలియోను అడ్డుకోవడానికి ఈ విధమైన చిన్నమోతాదును ప్రచారోద్యమంగా వేయడం ప్రపంచంలో అదే మొదటిసారి.

అంబర్‌పేట మాకు మూసీగాలి తగిలేంత దగ్గర. మురుగునీరు ఊరి రహస్యాలను దాచుకోదు. 2020లో ఉప్పల్ రోడ్డుమీది సీసీఎంబీ, తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రజ్ఞులు ఇదే నగరపు మురుగునీటిని పరీక్షించి, ఆ ఆగస్టు నాటికి నెలరోజుల పైచిలుకు కాలంలో 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉంటుందని అంచనా కట్టారు. కాలువలోని వైరసును పట్టుకోగల నేర్పు మన నగరానికి ఉంది. ఆ వైరసు తాకి వెళ్ళిన మనుషులను పట్టించుకొనే నేర్పు కూడా రావాలన్నది నా కోరిక.

మంచికాలు కథ

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. చిన్నప్పుడు పోలియో వచ్చి తగ్గినవారికి, పదిహేను నుంచి నలభై ఏళ్ళ తరువాత, కొత్తగా బలహీనత మొదలుకావచ్చు. విపరీతమైన అలసట, కండరాల నొప్పి, చలికి తట్టుకోలేకపోవడం, కొందరికి మింగడంలో, నిద్రలో ఊపిరి తీయడంలో ఇబ్బంది. దీనిని పోలియో అనంతర లక్షణసముదాయం అంటారు. పోలియో నుంచి కోలుకొన్నవారిలో 25 నుంచి 40 శాతం మందికి ఇది వస్తుందని అంచనా. ఇది వైరసు తిరిగి రావడం కాదు, అంటుకొనేది కాదు.

ఎందుకు వస్తుందో చెప్పడానికి మన ఉమ్మడి కుటుంబం కంటే మంచి ఉపమానం నాకు దొరకలేదు. అన్నదమ్ముల్లో కొందరు ఒక్కసారిగా చనిపోతే, మిగిలిన తమ్ముడు వారి పిల్లలను కూడా తన ఇంట చేర్చుకుంటాడు. వెన్నుపాములో అదే జరుగుతుంది. చచ్చిపోయిన నాడీకణాల కింద ఉండిన కండరపు పోగులు దిక్కులేనివవుతాయి. బ్రతికిన కణాలు కొత్త కొమ్మలు వేసి వాటిని దత్తు తీసుకొంటాయి. పోలియో తరువాత పిల్లలు నెమ్మదిగా కోలుకోవడానికి ముఖ్యకారణం ఇదే. కానీ ఒక్కొక్క కణం తన శక్తికి ఎన్నోరెట్ల సంసారాన్ని దశాబ్దాలపాటు మోస్తుంది. చివరికి తమ్ముడు అలిసిపోతాడు. మోయలేక కొమ్మలు ఒక్కొక్కటే వాడిపోతాయి.

ఇందులో నాకు మరీ కొత్తగా తెలిసిన సంగతి మరొకటి. ఒక కండరానికి సంబంధించిన నాడీకణాలలో సగం దాకా చనిపోయినా, మిగిలిన సగం ఆ పని కప్పిపుచ్చగలవు. చేత్తో పరీక్షించే వైద్యుడికి ఆ కండరం మామూలుగానే కనిపిస్తుంది. నా కుడికాలికి పోలియో రాలేదని కాదు. వచ్చింది, దాచుకొంది. దాచుకొన్న కాలే ఇన్నాళ్ళూ రెండు కాళ్ళ బరువు మోసింది. ఉప్పల్ వంతెనమీద దాని అప్పు తీర్చమని అడిగింది.

ఇది కొత్తగా కనిపెట్టినదీ కాదు. 1875లోనే పారిస్‌లో రేమాఁ, షార్కో ఇటువంటి రోగిని వర్ణించారు. ఆ తరువాత వందేళ్ళు దాదాపుగా మరచిపోయారు. 1950ల నాటి అమెరికా పిల్లలకు నడివయసు వచ్చేసరికి, 1980 ప్రాంతాల్లో, వేలమంది ఒకేసారి ఇదే బాధ చెప్పుకోసాగారు. వైద్యులు మొదట నమ్మలేదు. సెయింట్ లూయిస్ నగరంలో జినీ లారీ అనే ఆమె వికలాంగుల కోసం ఒక పత్రిక నడిపేవారు. దానిలో ఒకరి అనుభవం మరొకరు చదువుకొని, "ఇది నా ఒక్కడికే కాదన్నమాట" అని తెలుసుకొన్నారు. 1981లో ఆమె చొరవతో షికాగోలో సమావేశం జరిగింది, 1984లో వార్మ్ స్ప్రింగ్స్‌లో వైద్యుల సమావేశం జరిగింది. జబ్బుకు పేరు స్థిరపడింది ఆ రోజుల్లోనే. రోగులు తమ గురించి తాము వ్రాసుకోవడంవల్ల శాస్త్రం కళ్ళు తెరిచిన సందర్భం ఇది.

మనకు ముందున్న కాలం

అమెరికాలో ఆ తరం ఆ వయసును దాటిపోయింది. మన తరం ఇప్పుడే ఆ వయసుకు వస్తోంది. 1970, 80లలో ఏటా రెండు లక్షల చొప్పున పక్షవాతం పాలైన పిల్లల్లో బ్రతికి ఉన్నవారికి ఇవాళ నలభై నుంచి యాభై అయిదు. హౌరాలోని ఆ చివరి పాపకు అప్పుడు ఏడాదిన్నర. ఆమెకు అరవై ఏళ్ళు వచ్చేది 2070 దరిదాపుల్లో. పోలియో 2014లో ముగిసిందని అనుకొంటున్నాము గాని, పోలియో వచ్చిన మనుషుల చరిత్ర ఇంకో అర్ధశతాబ్దం ఉంది.

ఆ మనుషులెందరో జనాభా లెక్కలు చెప్పవు. 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారనీ, వారిలో సుమారు 54 లక్షల మందిది కదలికకు సంబంధించిన వైకల్యమనీ చెప్పింది. వైకల్యానికి కారణమేమిటన్న గడి ఆ పత్రంలో లేదు. మన సదరం ధ్రువపత్రం మీద ఒక శాతం వేస్తారు. ఆ అంకె 40కి ఇవతల ఉందా అవతల ఉందా అన్నదానిమీద పింఛను ఆధారపడుతుంది. తెలంగాణలో ఆ పింఛను 2014లో 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. మంచిదే. కానీ ఇరవై ఏళ్ళ వయసులో వేసిన శాతం యాభై ఏళ్ళ కాలికి సరిపోదు. శాశ్వత వైకల్యం అంటే మారని వైకల్యం అని కాగితం అనుకొంటుంది. శరీరం అలా అనుకోదు.

పిల్లలను పెద్దవాళ్ళయ్యేదాకా వెంబడించి చూడడం మనకు చేతకాని పని కూడా కాదు. మా ఇంటికి కొద్ది దూరంలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1987-90 మధ్య హైదరాబాదు దగ్గరి 29 గ్రామాల్లో గర్భిణులకూ పసిపిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చే ఒక అధ్యయనం జరిగింది. కొన్ని ఊళ్ళకు ఇచ్చారు, కొన్నిటికి అప్పటికింకా ఇవ్వలేదు. పదిహేనేళ్ళ తరువాత పరిశోధకులు మళ్ళీ వెళ్ళి, పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళ వయసున్న ఆ పిల్లలను వెతికి పట్టుకొని కొలిచారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, వారి రక్తనాళాలు మరింత మెత్తగా ఉన్నాయి. పసితనంలో తిన్న ముద్ద యవ్వనంలో గుండెకు మేలు చేసిందని తెలిసింది. పసితనంలో వచ్చిన జబ్బు నడివయసులో ఏమి చేస్తుందో తెలుసుకోవడానికి కూడా దారి అదే: మళ్ళీ వెళ్ళి తలుపు తట్టడం.

పోలియో ఒక్కటే కాదు. 2003 వేసవి చివర మన రాష్ట్రంలో చాందీపుర వైరసు 329 మంది పిల్లలకు మెదడువాపు తెచ్చింది. 183 మంది చనిపోయారు. ఆ అంకె అందరికీ గుర్తుంది. తీసివేత చేస్తే మిగిలేది 146. ఆ 146 మంది ఇవాళ ఇరవైలలో, ముప్ఫైలలో ఉన్న యువతీయువకులు. చనిపోయినవారిని లెక్కించడం జబ్బు చరిత్ర. మిగిలినవారిని లెక్కించడం మనుషుల చరిత్ర.

ఇన్ని చదివాక నేను చేసినవి చిన్నచిన్న పనులు. ఈ బలహీనతను పోగొట్టే మందు లేదు. కానీ శక్తిని పొదుపుగా వాడుకొంటే బాధ నెమ్మదిస్తుంది. చిన్నప్పటినుంచి "కష్టపడితే నీకూ వస్తుంది" అని చెప్పి పెంచారు, అలాగే కష్టపడి పైకి వచ్చాము. ఇప్పుడు అలుపు రాకముందే కూర్చోవడం నేర్చుకోవాలి. అలిసేలా కాకుండా తేలికపాటి వ్యాయామం మేలు చేస్తుంది. పాత ఇనుప కాలిపరుకు బదులు తేలికైన ప్లాస్టిక్కుది వేసుకొంటున్నాను. శస్త్రచికిత్స ఏదైనా చేయించుకోవలసి వస్తే, మత్తు ఇచ్చే వైద్యుడికి చిన్నప్పటి పోలియో గురించి ముందే చెప్పాలని తెలుసుకొన్నాను. నాబోటివాళ్ళలో మత్తు ప్రభావం ఎక్కువసేపు ఉండవచ్చు. ఈ ఒక్క వాక్యం ఎవరైనా నాకు ఇరవై ఏళ్ళ కిందట చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇక్కడ వ్రాసి పెడుతున్నాను.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఇంట్లోనో వీధిలోనో ఆఫీసులోనో చిన్నప్పుడు పోలియో వచ్చినవారు తప్పక ఉంటారు. వారు ఈ మధ్య మెట్లెక్కడానికి జంకుతుంటే, "వయసు" అని తేల్చేయకండి. వారి కథ వారి మాటల్లోనే వ్రాయించండి. ఏ ఊరు, ఏ ఏడు, సూది వేశారా, కాలిపరు ఎక్కడ చేయించారు, ఇప్పుడెలా ఉంది - ఇవి చాలు. జినీ లారీ పత్రికకు వచ్చిన ఉత్తరాలు కూడా అలాంటివే.

నిన్న సాయంత్రం మళ్ళీ ఉప్పల్ వంతెన ఎక్కాను. ఈసారి చేతికర్ర తీసుకువెళ్ళాను. రెండుచోట్ల ఆగాను. కింద ట్రాఫిక్కులో ఒకావిడ పిల్లవాణ్ణి చంకనేసుకొని వరంగల్ రోడ్డు దాటుతోంది. పిల్లవాడి రెండు కాళ్ళూ ఆమె నడుమును గట్టిగా చుట్టి ఉన్నాయి. కాసేపు అక్కడే నిలబడి చూసి, మెట్రోవైపు నడిచాను.